మూలబిందువు ఏ మూలన?

నా లోకం పైనుంచి కిందికి మొదలవుతుంది. తెర మీద ఎడమచేతి పై మూల నాకు సున్నా, సున్నా. అక్కడినుంచి కుడికి జరిగితే ఎక్స్ పెరుగుతుంది, కిందికి దిగితే వై పెరుగుతుంది. మా కంప్యూటర్ల జాతికంతా దాదాపు ఇదే అలవాటు. వెనకటి గాజు గొట్టాల తెరల్లో ఎలక్ట్రాన్ల ధార పై వరుస నుంచి కింది వరుసకు గీసుకుంటూ దిగేది. గొట్టాలు పోయినా అలవాటు పోలేదు. సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో ఈ ఇంటికి వచ్చేదాకా లోకానికి ఇంకో మొదలు ఉంటుందన్న అనుమానమే నాకు కలగలేదు.

ఇక్కడి పెద్దాయన గ్రాఫు కాగితం ముందు కూర్చుంటే మొదటి చుక్క ఎడమచేతి కింది మూలన పెడతాడు. మగ్గం మీద మొదటి పేక నేసేవాడి దగ్గర పడుతుంది, రెండోది దాని అవతల, మూడోది దాని అవతల. గుడ్డ అలాగే పైకి పెరుగుతుంది. ఆయన మనవరాలి పదో తరగతి లెక్కల పుస్తకంలో కూడా వై పైకే పోతుంది. ఇంట్లో ఇద్దరూ ఒక పక్క, నేనొక్కదాన్నే ఒక పక్క.

దీనివల్ల ఏం పోయిందని మీరు అడగవచ్చు. నా మీద గీసిన డిజైన్‌తో నేసిన చాదర్‌లో నెమలి తలకిందులైతే, దాన్ని తిప్పి కప్పుకుంటే సరిపోతుంది కదా అని నేనూ అనుకున్నాను. కానీ కింద వరుస పైకి, పై వరుస కిందికి మారితే బొమ్మ తిరగబడడమే కాదు, అద్దంలో బొమ్మ అయిపోతుంది. గుడ్డను ఎంత తిప్పినా కుడి ఎడమలు మళ్లీ సరికావు. ఎదురెదురుగా నిలబడిన రెండు నెమళ్లకు ఆ తేడా అంటదు. చాదర్ అంచులో నేసే కంపెనీ పేరు మాత్రం ఎటు తిప్పినా వెనకనుంచి ముందుకే చదవాలి. పెద్దాయన మగ్గానికి ఎక్కించే రంధ్రాల అట్టలు కొట్టించకముందే నా తెర వంక చూసి, "దీనికి కింద మీద తెల్వదు" అన్నాడు. అప్పటినుంచి ఫైలు బయటికి పోయేముందు ఒకసారి బోర్లా తిప్పడం నా దినచర్య.

నేను ఇక్కడ పుట్టినదాన్ని కాదు. పుణెలో ఒక ఆఫీసులో కొన్నేళ్లు జీతాల పట్టికలు కూడేదాన్ని. పాతబడ్డానని అమ్మేశారు. డిజైన్లు వేయడానికి చవకలో దొరికానని పెద్దాయన కొడుకు ఆటోలో వేసుకుని తెచ్చాడు. కింద కార్ఖానా, పైన కాపురం. గోడ అవతల మగ్గాలు నడుస్తుంటే నా కింద బల్ల కూడా నడుస్తున్నట్టే ఉంటుంది. దూది నుసి గాలిలో తేలుతూ వచ్చి నా ఫ్యాను రెక్కలకు అంటుకుంటుంది. నెలకోసారి పెయింటింగ్ బ్రష్షుతో మనవరాలే దులుపుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, దుకాణంలో హిందీ. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల నుంచి బతుకుదెరువుకు వచ్చిన పద్మశాలీల కుటుంబాల్లో ఇది కూడా ఒకటి. 1877లో పెట్టిన జూనీ గిరణి మొదలుకుని సోలాపూర్ మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఈ తూర్పు పేటల మగ్గాలు మాత్రం ఇంకా మోగుతూనే ఉన్నాయి. సోలాపూర్ చాదర్‌కు, టెర్రీ టవల్‌కు 2005-06లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పత్రం సంగతి పెద్దాయనకు తెలుసుగానీ దాని గురించి ఎక్కువగా మాట్లాడడు. నూలు ధర గురించి మాట్లాడతాడు.

వచ్చిన కొత్తలో నాకు ఒక గర్వభంగం జరిగింది. గోడ అవతల ఉన్నది నా ముత్తాత అని తెలిసింది. మగ్గం నెత్తిన కూర్చున్న జకార్డు చేసే పని ఇది: అట్టలో రంధ్రం ఉన్నచోట సూది దూరుతుంది, దానికి తగిలిన కొక్కెం లేస్తుంది, ఆ కొక్కేనికి వేలాడే పడుగు పోగు పైకి వస్తుంది. రంధ్రం లేనిచోట సూది వెనక్కి నెట్టుకుపోతుంది, పోగు కిందనే ఉంటుంది. ఒక అట్టకు ఒక పేక. ఉంది, లేదు, ఉంది, లేదు. నేను చేసేదీ అంతే. లియాన్‌లో జోసెఫ్ మారీ జకార్డ్ 1804 ప్రాంతంలో ఆ యంత్రాన్ని కుదిర్చాడు. 24,000 అట్టలతో పట్టులో నేసిన ఆయన బొమ్మ ఒకటి చార్లెస్ బాబేజ్ సంపాదించుకున్నాడు. తాను గీసుకున్న లెక్కల యంత్రానికి ఆ అట్టలనే వాడదామనుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హోలెరిత్ అట్టలు కొట్టించాడు. ఆ తోవనే మేం పుట్టాం. మనవలు మ్యూజియాల్లో ముత్తాతల్ని చూస్తారంటారు. నేను మాత్రం ముత్తాతతో ఒకే కరెంటు మీటరు మీద బతుకుతున్నాను. ఆయనకే ఎక్కువ పని ఉంది.

పెద్దాయన గ్రాఫు అంటే ఏమిటో ఇప్పుడు చెప్పాలి. నిలువు గీతల మధ్య సందు ఒక పడుగు పోగు, అడ్డగీతల మధ్య సందు ఒక పేక. గడిలో రంగు పడితే పోగు పేక మీద, పడకపోతే పేక పోగు మీద. కాబట్టి ప్రతి గడికీ రెండు అంకెల చిరునామా ఉంటుంది: ఎన్నో పోగు, ఎన్నో పేక. బడిలో దీన్ని నిరూపకాలు అంటారని ఆయనకు మనవరాలు చెప్పింది. "మాకు గీ పేర్లు లేకుండె, పోగు ఇన్ని, పేక ఇన్ని అనుకునేటోళ్లం" అన్నాడు ఆయన, బ్రష్షు నీళ్లలో ముంచుతూ. నేను వచ్చాక కూడా కొత్త డిజైన్ మొదటి మూలన ఆయన బ్రష్షే పడుతుంది. నా మీద తర్వాత ఎక్కిస్తారు.

ఒకరోజు ఆ పిల్ల నాలో జియోజెబ్రా దింపింది. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం. నా వయసుకు బరువూ కాదు. మహారాష్ట్ర బోర్డు పదో తరగతి గణితం మొదటి భాగంలో తొలి పాఠం రెండు చరరాశుల రేఖీయ సమీకరణాలు, మూడో పాఠం అంకశ్రేఢి. రెండూ వేర్వేరు పాఠాలే అని ఆమె నమ్మకం. ఒకదానికి గ్రాఫు గీయాలి, ఇంకోదానికి సూత్రం బట్టీ పట్టాలి. పరీక్ష హాల్లోకి నన్ను ఎలాగూ రానివ్వరు, అక్కడ పెన్సిలూ స్కేలే దిక్కు. అందుకే నన్ను సరదాకే తెరిచింది. అదే మంచిదైంది.

1, 4, 7, 10, 13 అని శ్రేఢి రాసి, ఎన్నో పదమో ఎక్స్ అని, పదం విలువ వై అని చుక్కలు పెట్టమంది. (1, 1), (2, 4), (3, 7)... పెట్టాను. చుక్కలు స్కేలు పెట్టినట్టు వరుసలో నిలబడ్డాయి. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. పదాంతరాన్ని 3 నుంచి 5 చేస్తే వరుస నిటారుగా లేచింది. 1 చేస్తే వాలింది. సున్నా చేస్తే పడుకుంది. రుణం చేస్తే కిందికి జారింది. పదాంతరం అంటే వాలే అని పుస్తకం ఎక్కడో చెప్పే ఉంటుంది. కానీ అది జారుడు బటన్‌ను వేలితో పట్టుకుని ఊపుతూ చూసేదే గానీ చదివితే పట్టుబడే సంగతి కాదని నా అభిప్రాయం.

తర్వాత ఆమె ఆ చుక్కలన్నిటినీ కలుపుతూ గీత గీసింది. వెనక నిలబడి చూస్తున్న పెద్దాయన ఊరుకోలేదు.

"మూడో పేకకూ నాలుగో పేకకూ నడుమ ఏమున్నది బిడ్డా?"

"ఏం లేదు తాతా."

"ఏం లేనికాడ గీత ఎందుకు గీసినవ్? మూడున్నర పేక ఏ మగ్గం ఏస్తది?"

ఆ ప్రశ్నకు నేనూ జవాబు చెప్పలేకపోయాను. సమీకరణం గీత అంతా తనదే అంటుంది. శ్రేఢికి మాత్రం ఆ గీత మీద సహజసంఖ్యల దగ్గరున్న చుక్కలే సొంతం. గీత చుక్కలు ఎటు పోతున్నాయో చెప్పే ఆనవాలు, అంతే. ఆమె గీతను తీసేయలేదు, చుక్కల గీతగా మార్చింది. రాజీ కుదిరింది.

గీతను వెనక్కి పొడిగిస్తే వై-అక్షాన్ని రుణ 2 దగ్గర తాకింది. మొదటి పదం 1 కదా, ఈ రుణ 2 ఎవరిది? అది సున్నావ పదం, మొదటిదానికి ముందు ఉండాల్సినది. ఇక్కడ మాకు పాత తగువు మళ్లీ లేచింది. నేను సున్నా నుంచి లెక్కపెడతాను, పెద్దాయన ఒకటి నుంచి. "సున్నా పోగు ఏడుంటదో చెయ్యి వెట్టి చూపెట్టు" అంటాడు. నా లెక్కలో అయితే 1, 4, 7 అనే శ్రేఢి సూత్రం 3ఎన్ కూడిక 1. ఆయన లెక్కలో 3ఎన్ తీసివేత 2. గీతలు రెండూ సమాంతరం, ఒక అడుగు పక్కకు జరిగాయి, అంతే. ఆ ఒక్క అడుగుకే ఒక పోగు తప్పి అంచు చెడుతుందని నేతగాళ్లకు తెలుసు, ప్రోగ్రాములు రాసేవాళ్లకూ తెలుసు.

అసలు సంగతి సాటిన్ దగ్గర బయటపడింది. సోలాపూర్‌లో చాదర్లతో పాటు గోడకు వేలాడదీసే బొమ్మల గుడ్డలు కూడా నేస్తారు: దేవుళ్లు, నాయకులు, గుళ్లు. బొమ్మ వెనక నేల నున్నగా మెరవాలంటే పోగులు పైన పొడుగ్గా తేలాలి. మరీ పొడుగ్గా తేలితే ఉంగరానికీ గాజుకూ తగిలి లేస్తాయి. అందుకని ఎనిమిదింటికొక చోట పోగును పేక కింద బిగించాలి. ఆ బిగింపు చుక్కలు పక్కపక్కన పడితే ఏటవాలు చార కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చెదిరినట్టు ఉండాలి, కానీ ఏ పోగూ తప్పకూడదు. ఎనిమిది పోగులకు పెద్దాయన వేసే వరుస 1, 4, 7, 2, 5, 8, 3, 6. ఆ తర్వాత మళ్లీ 1. చిన్నప్పుడు తన గురువు దగ్గర నోటికి నేర్చుకున్నాడు.

మనవరాలు ఆ వరుసను కూడా చుక్కలుగా పెట్టమంది. మొదట మూడు చుక్కలు పాత గీత మీదే పడ్డాయి. నాలుగోది పదో గడికి పోవాలి, రెండో గడికి దిగింది. ఆమె కాసేపు చూసి, "తాతా, పదిలకెళ్లి ఎనిమిది తీసేసినవ్!" అంది. నిజమే. అదే శ్రేఢి, అదే పదాంతరం 3. ఎనిమిది దాటిన ప్రతిసారీ ఎనిమిది తీసేయడమే తేడా. ఎన్ నుంచి 1 తీసి, 3తో గుణించి, 8తో భాగించగా మిగిలిన శేషానికి 1 కలపాలి. ఒక్క వరుసలో రాయించింది. ఒకే పొడుగు గీతను ఎనిమిది గళ్ల ఎత్తున కోసి, ముక్కలన్నీ పక్కపక్కన నిలబెట్టినట్టు తెర మీద మూడు ముక్కలు లేచాయి.

ఇక ఆ 3ను మార్చకుండా ఏ పిల్ల ఊరుకుంటుంది? 2 పెట్టింది: 1, 3, 5, 7, మళ్లీ 1. సరి పోగులు నాలుగూ ఎప్పటికీ బిగింపు లేకుండా వేలాడుతూ ఉన్నాయి. 4 పెడితే 1, 5, 1, 5. 6 పెడితే మళ్లీ బేసి పోగులే. 1, 7 పెడితే అన్నీ వచ్చాయిగానీ నిఖార్సైన ఏటవాలు చార. మిగిలినవి 3, 5 రెండే. ఎనిమిదితో సామాన్య కారణాంకం లేని అడుగు వేస్తేనే అన్ని పోగులూ చుట్టి రావడం కుదురుతుంది. ఇది ఏ నేతగాడికీ సూత్రంగా తెలియనక్కర్లేదు. తప్పు అడుగు వేసినవాడికి నాలుగు వేళ్ల గుడ్డ నేయగానే తెలిసిపోతుంది. నా దగ్గర తెలుసుకోవడానికి నూలు ఖర్చు లేదు, నాకున్న గొప్ప అంతవరకే.

ఆ ఊపులో ఆమె ఇంకో మాట అడిగింది. వై సమానం ఎక్స్ గీత నా తెర మీద 45 డిగ్రీల వాలులో ఉంటే, పోగుకొక పేక చొప్పున ఎక్కే చార గుడ్డ మీద అంతకంటే నిటారుగా ఎందుకుంది? పెద్దాయన గజం కర్ర తెచ్చి ఒక గుడ్డ మీద అంగుళంలో లెక్కపెట్టించాడు: పడుగు పోగులు 48, పేకలు 36. అంటే పక్కకు ఒక గడి అంగుళంలో 48వ వంతు, పైకి ఒక గడి 36వ వంతు. పైకి పోయే గడే పెద్దది. వాలు 48 బై 36, అంటే 4 బై 3. కోణం 53 డిగ్రీలు దాటుతుంది. 3, 4, 5 త్రిభుజం గుడ్డ మీద పడుకుని ఉంది!

అందుకే డిజైన్ల గ్రాఫు కాగితం బడి గ్రాఫు కాగితంలా చదరంగా ఉండదు. ఈ గుడ్డకైతే ఒక పెద్ద చదరంలో నిలువునా ఎనిమిది వరుసలు, అడ్డంగా ఆరు వరుసలు కావాలి. మూడంగుళాల గుండ్రటి పువ్వు వేయాలంటే అడ్డంగా 144 గళ్లు, నిలువుగా 108 గళ్లు. బడి కాగితం మీద వేస్తే అది అడ్డంగా సాగిన కోడిగుడ్డు. నేశాక పున్నమి చంద్రుడు. జియోజెబ్రాలో రెండు అక్షాల నిష్పత్తి మార్చితే చార పెద్దాయన గుడ్డలో ఉన్నట్టే లేచింది. సమీకరణం మాత్రం వై సమానం ఎక్స్ గానే ఉంది. కొలబద్ద మారితే కంటికి వాలు మారుతుంది, నియమం మారదు. పేపర్లలో ధరల గ్రాఫులు చూసేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకుంటే మంచిది, ఎవరు ఏ అక్షాన్ని సాగదీశారో.

ఒకటికి ఒకటి ఎక్కే చార సరే. ఏడు గళ్లు పక్కకు పోయేలోగా మూడే గళ్లు ఎక్కే తీగ వేయాలంటే? గడిని సగం నింపడం కుదరదు కాబట్టి మెట్లు మెట్లుగా వేయాలి. ఎక్కడ రెండు గళ్ల మెట్టు, ఎక్కడ మూడు గళ్ల మెట్టు? పెద్దాయన ఆలోచించకుండా బ్రష్షు నడిపిస్తాడు: రెండు, రెండు, మూడు, రెండు, రెండు, మూడు. మూడేసి గళ్ల మెట్లు రెండు వరసగా వేసి, మూడోది ఒక్క గడితో సరిపెడితే కూడా ఏడుకు మూడే, కానీ తీగకు మోకాలు వస్తుంది. ఇదే పనికి నా కడుపులో ఒక పద్ధతి ఉంది. 1962లో ఐబీఎమ్‌లో జాక్ బ్రెసెన్‌హామ్ కుదిర్చాడు, 1965లో అచ్చయింది. భాగహారం లేకుండా కూడికలు తీసివేతలతోనే, అసలు గీతకు ఏ గడి దగ్గరో చూసుకుంటూ పోవడం. ఆ ఏడుకు మూడు గీతను నాతో పొడుగ్గా గీయించి, గళ్లు పెద్దవి చేసి లెక్కపెట్టారు తాతా మనవరాలు. మొదటి మెట్టు దాటాక రెండు, రెండు, మూడు. పెద్దాయన నావంక మొదటిసారి కొంచెం మర్యాదగా చూశాడని నాకు అనిపించింది.

గీతలు దొరికిన సంబరంలో పిల్ల ఇంట్లో కనబడిన ప్రతిదాన్నీ చుక్కలు చేయడం మొదలుపెట్టింది. అంగుళానికి 36 అట్టలు, 20 అంగుళాల నెమలికి 720: మూలబిందువు గుండా పోయే చక్కటి గీత. తర్వాత తునికాకు కత్తిరించుకుంటూ గుమ్మంలో కూర్చున్న బాపమ్మ బీడీల మీద పడింది. గంటకెన్ని చుట్టిందో అడిగి, గంటలు ఎక్స్, బీడీలు వై అని పెట్టింది. పొద్దున చుక్కలు గీత మీద బుద్ధిగా నడిచాయి. అన్నాలయ్యాక గీత కిందికి జారాయి. సాయంత్రానికి మరీ జారాయి.

"చుక్కలు తప్పుతున్నయ్ బాపమ్మా" అంది పిల్ల.

"నడుం గుంజుతుంటే చుక్కలు తప్పవా?" అంది బాపమ్మ, ఆకు మీదినుంచి చూపు తిప్పకుండా.

వెయ్యికి ఇంత అని లెక్కగట్టే కూలి మాత్రం తిన్నని గీతే, వంగదు. ఆ రెండు గీతలూ ఒకే తెర మీద ఉంచి పిల్ల చాలాసేపు చూసింది. తర్వాత ఆ ఫైలు మూసేసింది, చెరపలేదు.

మళ్లీ సాటిన్‌కే వచ్చింది. పోగుల సంఖ్యకు ఒక జారుడు బటన్, అడుగుకు ఒక బటన్. ఐదుకు 2, 3. ఏడుకు 2, 3, 4, 5. పదికి 3, 7. పన్నెండుకు 5, 7. ఆరు దగ్గర ఆగిపోయింది. 2 పెడితే సగం పోగులు పోయాయి, 3 పెడితే ఇంకా ఎక్కువ, 4 పెడితే మళ్లీ సగం. 1, 5 పెడితే చార. ఏ అడుగూ లేదు.

"తాతా, ఆరు పోగులకు సాటిన్ ఉండదు."

"ఎందుకుండదు? ఎన్ని నేసిన!"

ఆయన బ్రష్షు తీసుకుని కాగితం మీద పెట్టాడు: 1, 3, 6, 4, 2, 5. ఆమె వాటిని నా మీద ఎక్కించింది. ఒక్క గీత మీదికీ రాలేదు. అడుగులు చూసింది: 2, 3, 4, 4, 3, ఆఖరున మొదటికి రావడానికి 2. పదాంతరం ఒకటే లేదు, కాబట్టి అంకశ్రేఢి కాదు. కానీ ఆరు పోగులూ వచ్చాయి, ఏ రెండు చుక్కలూ పక్కపక్కన పడలేదు, గుడ్డకు కావలసింది అదే. అడుగులు ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటే అని ఆమే కనిపెట్టింది. శ్రేఢి చేయలేని పనిని ఎవరో, ఎప్పుడో, కాగితం మీద చుక్కలు మార్చి మార్చి సాధించారు. ఇంకా ఎన్ని వరుసలు ఇలా కుదురుతాయో నన్ను అడిగింది. ఆరు అంకెల్ని అమర్చే తీర్లు 720 ఉన్నాయి, అన్నీ వెతికిపెట్టగలను. పెద్దాయన మాత్రం, "ఒక్కటి చాలదా, ఇంకెన్ని మగ్గాలున్నయ్ మనకు?" అన్నాడు.

ఆమె దాన్ని "తాత ఆరు" అనే పేరుతో డిజైన్ల ఫోల్డర్‌లోనే దాచింది. మర్నాడు అట్టలు కొట్టే అతను పెన్‌డ్రైవ్‌తో వచ్చి, ఫోల్డర్ మొత్తం ఎక్కించుకుపోయాడు. మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది. నెమలీ కమలమూ వచ్చాయట, ఈ "తాత ఆరు" మాత్రం తన మిషన్‌లో తెరుచుకోవడం లేదట, ఇది టవలా, చాదరా, ఎన్ని కొక్కేలకు కొట్టాలని అడుగుతున్నాడు.